చలి రాత్రి పసిబిడ్డ పడక

గత డిసెంబరులో ఆదిలాబాదులోని మా ఆపా ఇంట నాలుగు రాత్రులు గడపవలసి వచ్చింది. తెలంగాణలో చలి అనగానే ముందుగా వినిపించే పేరు ఆ ఊరిదే. డిసెంబరు, జనవరి మాసాలలో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం వింత కాదు. ఆపా మనవడికి రెండేళ్ళు. ఇషా నమాజు ముగిసి వాడిని పడుకోబెట్టే వేళకు ప్రతి రాత్రీ ఆ ఇంట ఒకే వాదన మొదలయ్యేది. "బిడ్డ చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి, రజాయి కప్పమ్మా" అని ఆపా. "వాడి వీపంతా చెమట పట్టింది అమ్మీ, అంత బరువు వద్దు" అని కోడలు. చివరకు ఆపా మాటే నెగ్గేది. ఆ రజాయి ఆమె నిఖాలో పుట్టింటి వారు ఇచ్చినది. నాలుగు కిలోల దూదికి తక్కువ ఉండదు. మనవడికి దానిని కప్పడంలో చలి భయం ఎంతో మమకారమూ అంతే.

వాడు పడుకునేది దాదీ గదిలోనే. నా పక్క కూడా అక్కడే వేశారు. మూడవ రాత్రి ఫజ్ర్ కోసం లేచి చూద్దును కదా, రజాయి మంచం కింద పడి ఉంది. బిడ్డ ఒక మూలన మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు. చొక్కా తాకి చూస్తే వీపు దగ్గర ఇంకా చెమ్మగా ఉంది, ఆ చెమ్మ చల్లగా ఉంది. రాత్రి పది గంటల వేళ కోడలు చెప్పినది నిజం. తెల్లవారుజామున ఐదు గంటల వేళ ఆపా భయపడినదీ నిజమే. ఒకే రాత్రిలో ఆ బిడ్డ రెండు ఋతువులలో పడుకున్నాడు.

మన ఇళ్ళలో పసివారి పడక గురించి ఆలోచించేటప్పుడు మరచిపోయే విషయం ఇదే. పడుకోబెట్టే వేళకు గోడలలో పగటి వేడి ఇంకా మిగిలి ఉంటుంది, గదిలో నలుగురు మనుషులు తిరుగుతూ ఉంటారు, బిడ్డ అప్పటిదాకా ఆడి వచ్చి ఉంటాడు. ఆ వేళకు సరిపడే కప్పు వేరు. ఆరుబయట చలి ముదిరేది సూర్యోదయానికి కొద్ది ముందు. ఆ వేళకు కావలసిన కప్పు వేరు. మనం పది గంటలకు ఐదు గంటల చలిని ఊహించుకుని బిడ్డను మూటగడతాము. వాడు ఉక్కపోసి ఒక గంటలో అంతా తన్నివేస్తాడు. అసలు చలి వచ్చే వేళకు వాడి ఒంటి మీద మిగిలేది చెమటకు తడిసిన చొక్కా మాత్రమే. నీరు గాలి కంటె దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. తడి బట్టలో ఉన్న బిడ్డకు ఆ చొక్కా లేకపోవడమే మేలు.

చేతులను తాకి చలిని కొలవడం కూడా మనలను తప్పుదారి పట్టిస్తుంది. శరీరం ముందుగా గుండె, ఊపిరితిత్తులు, మెదడు వెచ్చగా ఉండేలా చూసుకుంటుంది. అరచేతులకు, పాదాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. కాబట్టి హాయిగా నిద్రపోతున్న బిడ్డ వేళ్ళు కూడా చల్లగా తగలవచ్చు. చూడవలసినది మెడ వెనుక భాగం, ఛాతీ, వీపు. అక్కడ చర్మం పొడిగా, వెచ్చగా ఉంటే బిడ్డకు ఏ లోటూ లేదు. చెమ్మగా, వేడిగా ఉంటే ఒక పొర తీయాలి. అక్కడే చల్లగా ఉంటే ఒక పొర వేయాలి. పొట్ట కూడా చల్లబడి, బిడ్డ మందకొడిగా ఉండి, లేపినా సరిగా లేవకపోతే అది దుప్పటితో తీరేది కాదు, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఇక పడక సంగతి. అందరూ పైన కప్పే దాని గురించే మాట్లాడతారు గాని, నేను కింద పరచే దాని నుండి మొదలుపెడతాను. షాబాదు బండలు, కడప బండలు, ఇప్పుడు పాలరాళ్ళు, టైల్స్: మన నేలలన్నీ చలికాలంలో వేడిని పీల్చుకునేవే. పలుచని చాప మీద పడుకున్న బిడ్డకు పైన ఎన్ని కప్పినా కింది నుండి వెచ్చదనం జారిపోతూనే ఉంటుంది. దూదికి వెచ్చదనం ఇచ్చేది దాని పోగుల మధ్య నిలిచిన గాలి. ఏళ్ళ తరబడి నలిగి అట్టలా మారిన పరుపులో ఆ గాలి ఉండదు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో దూదేకుల, నూర్‌బాషా అనే పేర్లతో పిలువబడే మన సోదరుల కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గట్టిపడిన దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ పొంగించి, పరుపు కుట్టి ఇవ్వడం వారి తరతరాల వృత్తి. ఇప్పుడు విల్లు స్థానంలో యంత్రం వచ్చింది, ఫోం పరుపుల వల్ల పని కూడా తగ్గింది. అయినా ఇంట్లో పాత దూది పరుపు ఉన్నవారు కొత్త దుప్పటి కొనే ముందు దానిని ఒకసారి ఏకించి చూడడం మంచిది. అంత ఖర్చు పెట్టలేనివారు నాలుగు రోజులు మేడ మీద ఎండలో వేసి, తిరగవేసి దులిపినా చెమ్మ పోయి దూది కొంత పొంగుతుంది.

నేల చలికి మన దగ్గర మరొక మంచి విరుగుడు ఉంది. అది గొంగడి. దక్కను గొర్రెల ఉన్నితో కురుమలు నేసే ఈ ముతక కంబళిని గొర్రెల కాపరులు తడి నేల మీద పరచుకుని పడుకోవడం మనం చూస్తూనే ఉంటాము. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. పసివారి లేత చర్మానికి అది గుచ్చుకుంటుంది గనుక ఒంటికి తగలనివ్వకూడదు. పరుపు కింద పరిస్తే చాలు. పక్క తడిపే బిడ్డలకు వేసే రబ్బరు గుడ్డను చాలామంది పలుచని దుప్పటి కింద, దాదాపు ఒంటికి తగిలేలా వేస్తారు. రాత్రంతా వీపు ఉడికిపోవడానికి అది కూడా ఒక కారణం. రబ్బరు గుడ్డ మీద మందపాటి బొంత ఉండాలి, ఆ బొంత మీద బిడ్డ ఉండాలి.

తరువాత ఒంటి మీది దుస్తులు. తన్నివేయలేని దుప్పటి ఏదంటే తొడిగిన బట్టే. ఒంటికి ఆనే పలుచని నూలు బనియను, దాని మీద నిండు చేతుల నూలు చొక్కా, పైజామా; చలి ఎక్కువగా ఉంటే పైన ఒక ఫ్లానెల్ పొర. ఒకే మందపాటి స్వెట్టరు కంటె ఇలా పలుచని పొరలు మేలు. పొరల మధ్య గాలి నిలుస్తుంది, అవసరమైతే ఒకటి తీసివేయనూ వచ్చు. ఇక మంకీ క్యాప్. ఇది మన ప్రాంతాల వారికి చలికాలపు ఆచారంగానే మారింది. బయటకు తీసుకువెళ్ళేటప్పుడు పెట్టండి, కాదనను. కాని పసివారి ఒంట్లోని అధిక వేడి ఎక్కువగా తల నుండే పోతుంది. ఇంట్లో నిద్రపోయే బిడ్డకు టోపీ పెడితే ఆ దారి మూసినట్లే. అది జారి ముక్కు మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది.

చలి దేశాలలో పసివారికి తొడిగే దుప్పటి సంచులు అమ్ముతారు. చేతులు బయటకు ఉండి, ఛాతీ నుండి పాదాల దాకా మూసి ఉండే సంచి అది. వాటి మీద 'టాగ్' అనే కొలత రాసి ఉంటుంది. ఇంగ్లండులోని మాంచెస్టరులో గల షర్లీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1940లలో బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి రూపొందించిన ప్రమాణం ఇది. 16 నుండి 20 డిగ్రీల గదికి 2.5 టాగ్, 20 నుండి 24 డిగ్రీలకు 1 టాగ్ అని సాధారణంగా సూచిస్తారు. హైదరాబాదు, విజయవాడ వంటి చోట్ల మూసిన గదిలో చాలా రాత్రులకు 1 టాగ్ సంచి సరిపోతుంది. కొనవలసిన పని కూడా లేదు, కుట్టు మిషను ఉన్న ఇల్లాలు ఒక పూటలో కుట్టగలదు. నాలుగు జాగ్రత్తలు మాత్రం మరువరాదు. మెడ కంత బిడ్డ తల లోపలికి జారనంత బిగువుగా ఉండాలి. చేతులు రెండూ బయట ఉండాలి. దారాలు, ముడులు, తలముసుగు ఉండకూడదు. నడిచే బిడ్డకు కింద పాదాలు బయటకు వచ్చేలా కాళ్ళు విడిగా కుట్టాలి, లేకపోతే నిద్రలో లేచి నడవబోయి బోర్లా పడతాడు.

పైన కప్పేదాన్ని చివరన చెబుతున్నాను, ఎందుకంటే పై రెండూ సరిగా ఉంటే దాని అవసరం సగం తీరుతుంది. చలికాలంలో రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మే మింక్ దుప్పట్లు తాకడానికి మెత్తగా ఉంటాయి, పెద్దలకు బాగానే ఉంటాయి. అవి పాలిస్టరువి, చెమటను పీల్చవు, పిల్లలకు త్వరగా ఉక్కపోస్తాయి. బరువుగా ఉన్నదే వెచ్చనిది అనుకోవడం మన భ్రమ. రెండేళ్ళ వాడికి నాలుగు కిలోల రజాయి బరువే, వెచ్చదనం కాదు. దానిని మోయలేక వాడు కిందికి జారుతాడు, లేదా తన్నివేస్తాడు. నా ఓటు బొంతకే. పాత చీరలను, దుపట్టాలను మూడు నాలుగు పొరలుగా పేర్చి కుట్టిన బొంత తేలికగా ఉంటుంది, ఉతికితే సాయంత్రానికి ఆరుతుంది. ఛాతీ దాకా కప్పి, అంచులను పరుపు కిందికి దోపితే చాలు.

ఇదంతా ఏడాది నిండిన బిడ్డల గురించి. ఏడాది లోపు శిశువు దగ్గర రజాయి, దిండు, వదులు దుప్పటి ఏదీ ఉంచవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. ముఖం మీదికి వచ్చిన గుడ్డను తొలగించుకునే శక్తి ఆ వయసుకు ఉండదు. గట్టి పరుపు మీద, వెల్లకిలా, పెద్దల గదిలోనే గాని వేరుగా పడుకోబెట్టి, వెచ్చదనాన్ని దుస్తులతోనే ఇవ్వాలి. తల్లిదండ్రుల రజాయిలోకి చేర్చుకోవడం మనకు అలవాటే గాని, అంత చిన్న బిడ్డ విషయంలో ఆ అలవాటును మానుకోవలసిందే.

నాలుగవ రాత్రి చలి మరీ ఎక్కువైంది. ఆపా బొగ్గుల కుంపటిని రాజేసి గదిలోకి తెచ్చింది, తలుపులు, కిటికీలు వేసింది. "పొగ లేదు కదా, నిప్పులు బాగా రాజుకున్నాయి" అన్నది. నేను జీవితంలో మొదటిసారి మా ఆపాకు ఎదురు చెప్పాను. పొగ లేని నిప్పు నుండే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి అది తెలియదు. త్వరగా ఊపిరి తీసే పసివారు అందరికంటె ముందుగా దాని బారిన పడతారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారి మీదనే కాలిపోయిందని తెలిసినప్పుడు, పడుకునే ముందు నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. అది గుర్తు చేయగానే ఆపా మారు మాట్లాడక కుంపటిని వరండాలోకి తీసుకుపోయి నీళ్ళు చల్లింది. వేడినీళ్ళ సంచి, విద్యుత్ దుప్పటి కూడా చిన్న బిడ్డల పక్కలోకి తగవు. మొదటిది చర్మాన్ని కాలుస్తుంది, రెండవది తడి పక్కలో ప్రమాదకరం. హీటరు ఉన్నవారు పడుకునే ముందు గదిని కాస్త వెచ్చబరచి ఆపివేయవచ్చు.

ఆ సాయంత్రమే నేనూ కోడలూ కలసి పాత దుపట్టాకు ఫ్లానెల్ అతికించి కాళ్ళున్న సంచి ఒకటి కుట్టి ఉంచాము. పొరుగింటి నుండి గొంగడి తెచ్చి పరుపు కింద పరిచాము. బనియను, చొక్కా, పైన సంచి, దాని మీద బొంత. తెల్లవారుజామున లేచి చూస్తే బొంత ఎప్పటిలాగే మంచం కింద ఉంది. మెడ వెనుక చేయి పెట్టి చూశాను, పొడిగా, వెచ్చగా ఉంది. వాడు కాళ్ళూ చేతులూ బార్లా చాపుకుని పడుకున్నాడు. పక్క మంచం మీద ఆపా తన రజాయిని తానే నిండుగా కప్పుకుని ఉంది.