ఎర పొడవు - గాలం పొట్టి!

పెద్ద ఎరకు పెద్ద గాలమే ఉండాలని మీరు అనుకుంటున్నారా? అయితే ఒక వింత వినండి. చేజిక్కిన చేపను పెద్ద గాలమే జారవిడుస్తుంది! ఎందుకో తెలియాలంటే మీ భౌతికశాస్త్ర పాఠంలోని తులాదండాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

సాల్మన్ అనే చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి ఎదురీదుతుంది. వానాకాలంలో గోదావరికి ఎదురీదే మన పులస కూడా ఇలాంటి బాటసారే. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో స్టీల్‌హెడ్ ఉంది. ఇది సముద్రానికి వెళ్ళివచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేప.

అట్లాంటిక్ సాల్మన్ నదిలోకి వచ్చాక మేత మానేస్తుంది. అయినా రంగురంగుల ఈకల ఎర ఎదుట కదిలితే చటుక్కున నోట కరుస్తుంది. ఈకలతో, వెంట్రుకలతో కట్టే ఈ కృత్రిమ ఎరను 'ఫ్లై', అంటే 'ఈగ' అంటారు. నీరు చల్లగా, ఉరవడిగా ఉన్నప్పుడు పొడవైన ఈగ కావాలి. పూర్వం ఈకలను గాలం కాడకే కట్టేవారు కనుక, ఈగ పొడవైతే గాలం కాడ కూడా పొడవుగా ఉండేది.

చిక్కంతా ఇక్కడే! గాలం మొన చేప దవడలో ఉంటుంది. దారం లాగేది కాడ రెండవ కొసను. చేప గిరుక్కున తిరిగితే పొడవైన కాడ గునపంలా పనిచేస్తుంది. బలభుజం పొడవైన కొద్దీ తిప్పే ప్రభావం పెరుగుతుంది. గాయం పెద్దదై గాలం ఊడిపోతుంది.

ఇది మీరే పరీక్షించండి. బంకమట్టి ముద్దలో ఒక పొడవాటి పుల్లను, ఒక పొట్టి పుల్లను ఒకే లోతున గుచ్చండి. పైకొసలను వేలితో పక్కకు నెట్టండి. ఏది సులువుగా మట్టిని చీల్చింది?

దీనికి విరుగుడు 1945 ప్రాంతంలో స్కాట్లండులోని అబర్డీన్ నగరంలో దొరికింది. ఈగలు కట్టడమే వృత్తిగా గల మిన్నీ మొరావ్‌స్కీ అనే ఆమె టర్కీ కోడి ఈక కాడను గుల్లచేసి, ఆ గొట్టం మీద ఎర కట్టిందని చెబుతారు. అదే 'ట్యూబ్ ఫ్లై', గొట్టపు ఈగ.

దీన్ని అమర్చే పద్ధతి చూడండి. దారం కొసను గొట్టం తలవైపు దూర్చి తోకవైపు తీస్తారు. దానికి పొట్టి కాడ గల చిన్న గాలాన్ని ముడివేస్తారు. తరువాత దారాన్ని వెనక్కు లాగి, గాలం కన్ను ఉన్న కొసను గొట్టం చివరి మెత్తని తొడుగులో నిలుపుతారు. తొడుగు లేకపోతే గాలం వేలాడి ఈకల్లో చిక్కుకుంటుంది. మరీ బిగుతైతే గొట్టమూ గాలమూ ఒకటైపోయి పాత తులాదండమే తిరిగివస్తుంది! సరిగా అమరితే, చేప కరిచి లాగగానే గాలం తొడుగు నుంచి విడివడుతుంది. గొట్టం దారం మీదుగా పైకి జారిపోతుంది. ఈకలు నలగవు. గాలం మొద్దుబారితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు.

గొట్టం దేనితో చేశారన్నదీ ముఖ్యమే. ప్లాస్టిక్ గొట్టం నీటి పైపొరల్లోనే ఈదుతుంది. అల్యూమినియం సాంద్రత నీటికి 2.7 రెట్లు కనుక కొంచెం మునుగుతుంది. ఇత్తడి సుమారు 8.5 రెట్లు, రాగి దాదాపు 9 రెట్లు. అవి లోతుకు దిగుతాయి.

ఇదంతా వేటగాడి సౌకర్యం కోసమేనా? కాదు. 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది. అమెరికాలో పలు నదుల స్టీల్‌హెడ్‌లకు 1997 నుంచి చట్టరక్షణ ఉంది. అందుకే పట్టిన చేపను తిరిగి నదిలో వదిలే అలవాటు పెరిగింది. ముల్లు లేని చిన్న గాలమైతే క్షణంలో ఊడివస్తుంది, గాయమూ చిన్నదే. గుడ్లు పెట్టాక కూడా స్టీల్‌హెడ్‌లు కొన్ని బతికి, సముద్రానికి వెళ్ళి, మరోసారి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అలా రాగల చేప ప్రాణం ఒక్కోసారి గాలం కాడ పొడవు మీద ఆధారపడుతుంది. తులాదండం పాఠం పరీక్షలో మార్కులకే కాదు, చూశారా!