నాటుకోడి గుడ్డు రంగు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు రావాలంటే



ఈమధ్య నాటుగుడ్ల అమ్మకం చాలావరకు వాట్సాప్ మీదే నడుస్తోంది. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ వైపు నుంచి విజయవాడ అపార్ట్‌మెంట్లకు గుడ్లు వేసే మనం ముందు ఫొటో పెడతాం, ఆ తర్వాతే ఆర్డరు వస్తుంది. ఫొటోలో ముదురు గోధుమ రంగు కనపడి, చేతికి లేత మీగడ రంగు గుడ్డు వస్తే కొన్నవాళ్లకు అనుమానం. తెల్లగుడ్లను టీ డికాషన్‌లో ముంచి నాటుగుడ్లని అమ్ముతున్నారని పేపర్లలో, టీవీల్లో వార్తలు వచ్చాయి కదా! ఆ అనుమానం చివరికి నిజంగా కోళ్లు మేపే మన మీదే పడుతుంది. అందుకే ఈ వీడియో చేశాను. అందులో చెప్పినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు గుడ్డు రంగు సంగతి

ఫారాల్లో పెంచే తెల్ల లెగ్‌హార్న్ కోళ్లది తెల్లగుడ్డు. మన నాటుకోళ్లవి మీగడ రంగు నుంచి లేత గోధుమ రంగు దాకా ఉంటాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజాది గోధుమ రంగు గుడ్డు. కడక్‌నాథ్ కోడి నలుపే గానీ, గుడ్డు మాత్రం లేత రంగే.

గోధుమ రంగు ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పెంకు తయారయ్యే చివరి గంటల్లో ఇది ఎక్కువగా పైపొరల్లో చేరుతుంది. అందుకే పెంకు లోపలి వైపు పాలిపోయి ఉంటుంది. నిమ్మరసమో వెనిగరో పోసి రుద్దితే అసలు గుడ్డు రంగు కూడా కొంత ఊడి వస్తుంది. కాబట్టి "రుద్దితే రంగు పోయింది, ఇది నకిలీ" అనే పరీక్ష సరైనది కాదు. ఈ మాట కొనేవాళ్లకు ముందే చెప్పండి. కోడి వయసు పెరిగినా, బాగా బెదిరినా రంగు లేతబడుతుంది. పెంకు రంగును బట్టి పోషకాలు మారవు.

వెలుతురు చేసే మాయ

ఒకే గుడ్డును నాలుగు చోట్ల పెట్టి తీసి చూపించాను చూడండి.

పాత పసుపు బల్బు (సుమారు 2700 కెల్విన్) కింద తెల్లగుడ్డు కూడా మీగడ రంగులోకి వస్తుంది, నాటుగుడ్డు ఎర్రబడుతుంది. కూల్ డేలైట్ ఎల్‌ఈడీ (6500 కెల్విన్) కింద గోధుమ రంగు వెలిసినట్టు ఉంటుంది. ఈ అంకె బల్బు డబ్బా మీదే రాసి ఉంటుంది. అరటి తోటలో తీస్తే ఆకుల పచ్చదనం పెంకు మీద పడుతుంది. నీలం టార్పాలిన్ కింద తీస్తే నీలం పడుతుంది. ఉదయం ఏటవాలు ఎండలో పసుపు, మబ్బు రోజున కొద్దిగా నీలి ఛాయ.

నేను పాటించే పద్ధతి

1. వరండాలో, నేరుగా ఎండ పడని చోట, ఉదయం తొమ్మిది తర్వాత తీస్తాను. లోపలి లైట్లు ఆపేస్తాను. రెండు రకాల వెలుతురు కలిస్తే ఏ ఫోనూ సరిచేయలేదు.

2. కింద బూడిద రంగు గుడ్డ. తెల్లగుడ్డ పరిస్తే కెమెరా వెలుతురు తగ్గించి గుడ్లను నల్లబరుస్తుంది, నల్లగుడ్డ పరిస్తే పాలిపోయేలా చేస్తుంది.

3. గుడ్ల పక్కన ఒక తెల్ల వస్తువు తప్పనిసరి. ఫారం తెల్లగుడ్డు ఒకటి చాలు. లేదంటే మోటారు పైపులకు చుట్టే టెఫ్లాన్ టేపును నాలుగైదు పొరలు మడిచి పెట్టండి. ప్రింటింగ్ కాగితం వద్దు, అందులో తెల్లదనం కోసం కలిపే పదార్థాల వల్ల పగటి వెలుతురులో నీలంగా మెరుస్తుంది.

4. ఫోన్‌లో ఫిల్టర్లు, ఏఐ, ఫ్లాష్ ఆపేయండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను ఆ తెల్ల వస్తువు తెల్లగా కనపడేదాకా జరపండి. తర్వాత గుడ్డు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి.

5. గుడ్లు కడిగి తీయొద్దు. తడి గుడ్డు ముదురుగా కనపడుతుంది, పైగా కడిగితే పెంకు మీది సహజమైన పూత పోయి తొందరగా పాడవుతుంది.

6. సైజు తెలిసేలా పది రూపాయల బిళ్ల పెట్టండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు.

తెల్ల వస్తువు ఫొటోలో ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. కొనేవాళ్ల ఫోన్‌లో రాత్రి పూట స్క్రీన్ పసుపుగా మారినా, తెల్లగుడ్డు కూడా పసుపుగానే కనపడుతుంది కాబట్టి తేడా వాళ్లకే అర్థమవుతుంది.

చివరిగా ఒక్క మాట. బాగా ముదురు రంగు ఉన్న నాలుగు గుడ్లు ఏరి ఫొటో తీయకండి. ట్రేలో లేతవి, ముదురువి ఎలా ఉంటే అలాగే తీసి, ఏ రోజు పెట్టిన గుడ్లో కింద రాయండి. ఫొటోలో ఉన్నదే ఇంటికి వస్తే, మళ్లీ ఆర్డరు అడగకుండానే వస్తుంది.