కాంగ్ కూల్చిన హెలికాప్టర్లు

జోర్డన్ వోట్-రాబర్ట్స్ దర్శకత్వంలో 2017లో విడుదలైన ‘కాంగ్: స్కల్ ఐలాండ్’ పైకి కొండంత కోతి, పటానికెక్కని దీవి, పారిపోయే మనుషులతో నిండిన సాహసగాథగా కనిపించినా, దాని కథ 1973లో, పారిస్ ఒప్పందం కుదిరి అమెరికా సేనలు వియత్నాం నుంచి ఇంటిముఖం పట్టిన రోజుల్లో జరగడం కేవలం నేపథ్యాలంకారం కాదు.

1933 నాటి తొలి ‘కింగ్ కాంగ్’ను తీసినవారిలో ఒకరైన మెరియన్ సి. కూపర్ మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపినవాడు. ఆ చిత్రంలో ఎంపైర్ స్టేట్ భవనం మీది కాంగ్‌ను విమానాలు కాల్చి పడగొట్టగా, 2017లో అదే కాంగ్ హెలికాప్టర్లను ఒక్కొక్కటిగా నేలకు కొడతాడు. వియత్నాం తర్వాత ఆకాశం నుంచి యుద్ధం చేసేవాడిని వీరుడిగా చూపడం అంత తేలిక కాదని ఈ తారుమారు చెబుతుంది.

దీవికి వచ్చినవారు మొదట చేసే పని బాంబులు వేయడమే. పేలుడు పుట్టించిన ప్రకంపనలు తిరిగివచ్చే తీరును బట్టి భూగర్భ పొరలను అంచనా వేసే పరిశోధన అని దానికి పేరు పెట్టినా, కింద ఎవరి బతుకు ఉందో ఎవరూ అడగరు. తెలంగాణ పల్లెల్లో పొలిమేర కాచే పోతరాజును ఎరిగినవారికి కాంగ్ కోపం వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే పాతాళం నుంచి పైకి పాకే స్కల్‌క్రాలర్ల బారినుంచి దీవివాసులను కాపాడుతున్నది అతడే.

ఆ హెలికాప్టర్లలో వచ్చిన సైనికుల నాయకుడైన కర్నల్ ప్యాకార్డ్‌కు ఇది పట్టదు. వియత్నాంలో తాము ఓడిపోలేదని, యుద్ధాన్ని వదిలేశామని నమ్మే అతడు, మరణించిన సైనికుల పేరు చెప్పి కాంగ్‌ను చంపడానికి బతికున్న సైనికులను బలిపెట్టబూనుతాడు. చిక్కబరచిన పెట్రోలుతో చేసి, ఒంటికి అంటుకుంటే వదలకుండా కాల్చే నాపామ్‌ను వాడి చెరువుకే నిప్పు పెడతాడు. వియత్నాం పల్లెలను కాల్చిన ఆయుధమే మళ్లీ తెరమీద కనిపించడం ఈ చిత్రంలోని అత్యంత కఠోరమైన ఘట్టం. శత్రువు లేనిచోట శత్రువును సృష్టించుకునే ఈ మనిషి ముందు స్కల్‌క్రాలర్లు సైతం చిన్నవిగా తోస్తాయి.

ప్యాకార్డ్‌కు ఎదురుగా నిలిచే పాత్ర హ్యాంక్ మార్లో. ‘మార్లో’, ‘కాన్రాడ్’ అనే పాత్రల పేర్లు జోసెఫ్ కాన్రాడ్ నవల ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ను గుర్తుచేస్తాయి, వియత్నాం యుద్ధం మీద 1979లో వచ్చిన ‘అపోకలిప్స్ నౌ’కు ఆధారం ఆ నవలే. 1944లో కూలిన విమానాల నుంచి ఈ దీవిమీద దిగిన మార్లో, జపాన్ పైలట్ గున్‌పే ఇకారి మొదట ఒకరినొకరు చంపుకోజూసి, తర్వాత తోబుట్టువుల్లా బతికారు. ఇకారి చనిపోయినా, తమ రెండు విమానాల శకలాలతో ఇద్దరూ కట్టడం మొదలుపెట్టిన పడవ మిగిలింది; చివరకు మిగతావారు దీవి దాటే దారి వెతుక్కుంటూ ఎక్కేది ఆ పడవనే.