సమావేశాహ్వానము - క్యాలెండరు చిక్కులు

శుభలేఖ అచ్చయిన పిదప ముహూర్తము మారినచో పెండ్లివారు ఇంటింటికి మరల కబురు పంపవలసినదే. మన చేతిలోని కాగితము తనంతట తాను మారదు. కంప్యూటరు ద్వారా వచ్చు సమావేశాహ్వానము అట్టిది కాదు. అది వేళతోపాటు తానును మారగలదు. ఆ సౌకర్యమును తెలియక పోగొట్టుకొనుటవలననే పెక్కు చిక్కులు కలుగుచున్నవి.

నా అనుభవమునే చెప్పెదను. మా తండ్రిగారి శస్త్రచికిత్సను గూర్చి వైద్యునితో మాటలాడుటకు, న్యూజెర్సీలోనున్న మా చెల్లెలు రాత్రి 8-30 గంటలకు ఒక సమావేశము ఏర్పరచి ఆహ్వానము పంపినది. నేను దానితో వచ్చిన ఫైలును దాచి, ఆన్‌లైన్ క్యాలెండరులో చేర్చుకొంటిని. మరునాడు వేళ 7 గంటలకు మారినది. మార్పు తెలుపు ఉత్తరము మెయిలు సాఫ్ట్‌వేరునకు వచ్చినది, నేను చూడలేదు. క్యాలెండరు పాత వేళనే చూపినది. నేను వచ్చునప్పటికి సంభాషణ ముగిసినది. నేను అడుగదలచిన ప్రశ్న మిగిలిపోయినది.

ఏల ఇట్లు జరిగినది? ఆహ్వానముతోపాటు ఐక్యాలెండర్ అను ప్రమాణమును అనుసరించిన చిన్న పాఠము వచ్చును. 1998లో వెలువడిన ఈ ప్రమాణము 2009లో సవరింపబడినది. అందు ప్రతి సమావేశమునకు ఒక ప్రత్యేకమైన గుర్తు, ఒక సవరణసంఖ్య ఉండును. వేళ మారినపుడు అదే గుర్తుతో, పెరిగిన సంఖ్యతో మరియొక పాఠము వచ్చును. ఆహ్వానమును అందుకొన్న క్యాలెండరు గుర్తులను పోల్చి వేళను దిద్దుకొనును. చేతితో చేర్చిన ఫైలు నకలు మాత్రమే. దానికి ఈ కబురు అందకపోవచ్చును.

కావున ఆహ్వానమును నకలు చేయక, దానికే బదులీయవలెను. ఆ బదులును ఒకేచోటినుండి ఈయుట మేలు. జీమెయిల్ ఉత్తరములను ఔట్‌లుక్‌లో చదువువారు అచట అంగీకరించినను, గూగుల్ క్యాలెండరులో ఆ అంగీకారము కనబడకపోవచ్చును. ఏ చిరునామాకు ఆహ్వానము వచ్చినదో ఆ చిరునామానుండియే బదులు పోవలెను. వేరొక చిరునామానుండి పోయినచో పిలిచినవారి జాబితాలో మన పేరు సరిపడదు.

ఆహ్వానమునకు మారుగా ‘విన్‌మెయిల్.డ్యాట్’ అను తెరువరాని ఫైలు వచ్చినచో, అది పంపినవారి ఔట్‌లుక్ ‘రిచ్ టెక్స్ట్’ పద్ధతిలో పంపిన ఫలము. ‘హెచ్.టి.ఎమ్.ఎల్.’ పద్ధతిలో మరల పంపుడని కోరవలెను.

వేళ సరిగ్గా ఒక గంట తేడాగా కనబడినచో, అది పొరపాటు కాకపోవచ్చును. న్యూజెర్సీలో ఉదయము 9 గంటలు శీతకాలమున మనకు రాత్రి 7-30. మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వరకు సాయంత్రము 6-30. అచట గడియారములు మారును, మనకు మారవు. క్యాలెండరులో మన కాలమండలము సరిగా ఉన్నదో లేదో ఒకమారు చూచుకొనవలెను.

ఇన్ని చేసినను, ముఖ్యమైన సమావేశమునకు ముందునాడు మా చెల్లెలు ఇప్పుడు ఫోనులో వేళ చెప్పుచున్నది. నేనును తిరిగి చెప్పి, సరియని అనిపించుకొనుచున్నాను.