ఆయమ్మ జీతమెంత, ఆమె ముందున్న దారి ఎటు?

కోటబొమ్మాళి మండలం హరిశ్చంద్రపురంలో అయినా, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల వెనక వీధుల్లో అయినా, వజ్రపుకొత్తూరు తీరంలోని మత్స్యకార పల్లెల్లో అయినా పొద్దున్నే చంటిపిల్లల్ని అంగన్‌వాడీలో దించి పనికి వెళ్లే తల్లులు ఎందరో. ఆ పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పిలుచుకొచ్చేది ఆయమ్మ. వండేది, గుడ్డు ఒలిచి పెట్టేది, ముక్కు తుడిచేది ఆమే. టీచరమ్మ ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపుతూ కూర్చుంటే పిల్లల చేత పాట పాడించేదీ చాలాసార్లు ఆమే. బడికి ముందు చదువులో టీచరుకు కుడిచెయ్యిగా ఉన్న ఈ మనిషి జీతం గురించి, ఆమెకు రాగల పదోన్నతి గురించి మన ఊళ్లలో తిరిగే మాటల్లో సగం నిజం కావు. వాటిని నమ్మి కొందరు ఉన్న ఉపాధి వదిలేసి ఇందులో చేరుతున్నారు. ఇంకొందరు తమకు హక్కుగా రావలసింది అడక్కుండానే ఇంటికి వెళ్లిపోతున్నారు. అందుకే ఈ వివరణ.

అపోహ: అంగన్‌వాడీ అంటే గవర్నమెంటు ఉద్యోగమే.

కాదు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడే ఈ పనిని ఊరి స్త్రీ తన ఊరి పిల్లల కోసం చేసే సేవగా లెక్కగట్టారు. అందుకే ఇచ్చేదానికి గౌరవ వేతనం అని పేరు పెట్టారు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలది, అంటే మనం టీచరమ్మ అనేవారిది, సివిల్ పోస్టు కాదని తీర్పు ఇచ్చింది. దాని ఫలితం మన ఆయమ్మ చేతిలో ప్రతి నెలా కనిపిస్తుంది. స్కేలు లేదు, ఇంక్రిమెంటు లేదు, డీఏ లేదు, ప్రభుత్వ పెన్షన్ లేదు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఆమెకూ పోయిన నెలలో చేరిన ఆమెకూ ఒకటే మొత్తం. ఉద్యోగి కాదన్నప్పుడు కనీసం పేదలకిచ్చే పథకాలైనా అందాలి కదా? గ్రామాల్లో నెలకు 10,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టారు కాబట్టి 11,500 అందుకునే టీచరమ్మ చాలా పథకాలకు బయటే మిగిలింది. స్కేలు అడిగితే ఉద్యోగి కాదంటారు, పథకం అడిగితే ఆదాయం ఉందంటారు. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

అపోహ: జీతమంతా ఢిల్లీ నుంచే వస్తుంది.

2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్క ప్రకారం కార్యకర్తకు 4,500, మినీ కేంద్రం కార్యకర్తకు 3,500, సహాయకురాలికి, అంటే ఆయమ్మకు, 2,250 రూపాయలు. అందులోనూ కేంద్రం భరించేది నూటికి 60 వంతులే. అంటే ఆయమ్మకు ఢిల్లీ నుంచి వచ్చేది 1,350 రూపాయలు. మిగతాదంతా రాష్ట్రం కలిపేదే. ఆంధ్రప్రదేశ్ 2019 జూలైలో కార్యకర్త వేతనాన్ని 10,500 నుంచి 11,500కు, సహాయకురాలి వేతనాన్ని 6,000 నుంచి 7,000కు పెంచింది. తెలంగాణలో 2021లో అవి 13,650కి, 7,800కి చేరాయి. పని ఒకటే, జీతం మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి వేతనం పెంచమని అడగవలసిన తలుపులు రెండు. ఢిల్లీ తలుపు ఎంత గట్టిగా కొట్టినా రాష్ట్రం తలుపు కొట్టడం మానకూడదు.

అపోహ: పూటపనికి ఏడు వేలు ఎక్కువే.

అంగన్‌వాడీ కేంద్రం పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా నడుస్తుంది. ఆ తర్వాత అంట్లు, ఊడ్పు ఉండనే ఉన్నాయి. నెలకు 26 పనిదినాలు అనుకుంటే 7,000 రూపాయలకు రోజుకు పడేది 269. 2023-24లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 272. 2025-26లో అది 307 అయింది. చెరువులో మట్టి తీసేవారికి ప్రభుత్వమే ఖరారు చేసిన కూలి కంటే ఇరవై, ముప్ఫై మంది పసిపిల్లల ఆకలీ ఆలనా చూసే మనిషికి ఇచ్చేది తక్కువ. మట్టి పని చిన్నదని కాదు, దానికి చట్టం అండ ఉంది. ఆయమ్మ వేతనానికి ఆ అండ లేదు. 2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. అది సిఫారసుగానే ఉండిపోయింది.

అపోహ: సమ్మె చేసి అన్నీ సాధించుకున్నారు.

2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. రాష్ట్రంలోని 55,607 కేంద్రాల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. గౌరవ వేతనం తీసుకునే సేవకులని చెబుతూనే అత్యవసర సేవల చట్టం వీళ్ల మీద పెట్టడం ఆ రోజుల్లో అందరూ చూశారు. చివరి చర్చల్లో విరమణ వయసును 60 నుంచి 62కు పెంచడానికి, ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తాన్ని కార్యకర్తకు 50 వేల నుంచి 1.20 లక్షలకు, సహాయకురాలికి 20 వేల నుంచి 60 వేలకు చేర్చడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రధానంగా అడిగింది 26,000 రూపాయల కనీస వేతనం. అది రాలేదు.

అపోహ: ఆయాగా చేరితే కొన్నేళ్లకు టీచరు అయిపోవచ్చు.

ఇది పూర్తిగా అబద్ధమూ కాదు, అనుకున్నంత నిజమూ కాదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు కనుక వివరంగా చెబుతాను.

సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పథకానికి 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కార్యకర్త పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవం ఉన్న సహాయకురాళ్లతో నింపాలి. సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవం ఉన్న కార్యకర్తలతో నింపాలి. సూపర్‌వైజర్ అయిందంటే గౌరవ వేతనం పోయి స్కేలు వస్తుంది. దారి కాగితం మీద చక్కగానే ఉంది.

నడిచి చూస్తే రెండు చోట్ల ఇరుకు. మొదటిది చదువు. వెనకటి రోజుల్లో ఏడో తరగతితో ఆయాలుగా చేరినవారు ఎందరో ఉన్నారు. కార్యకర్త కావాలంటే పదో తరగతి కావాలి. కేంద్రం మార్గదర్శకాలైతే ఇంటర్ అంటున్నాయి. అనుభవం ఎంత ఉన్నా సర్టిఫికెట్ లేకపోతే ఫైలు కదలదు. రెండోది ఖాళీ. ఒక కేంద్రంలో ఉండేది ఒకే టీచరమ్మ. ఆమె ముప్ఫై ఏళ్లకు చేరి 62 దాకా పనిచేస్తే, ఆ పక్కనే ఉన్న ఆయమ్మ ఎదురుచూపు మూడు దశాబ్దాలు. పై మెట్టు ఇంకా ఇరుకు. సుమారు 25 కేంద్రాలకు ఒక సూపర్‌వైజర్, అందులో పదోన్నతి వాటా సగమే. 2022లో మన రాష్ట్రంలో గ్రేడ్-2 సూపర్‌వైజర్ల ఎంపిక పరీక్ష జరిగాక వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆశపడి చదివిన కార్యకర్తలు అలా నిలిచిపోయారు.

మినీ కేంద్రాలది మరో కథ. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య చెదిరి ఉన్న చిన్న ఊళ్లలో ఒక్క మనిషే టీచరు, ఆయా రెండూ. ఇచ్చేది 7,000. 2025లో మినీలను మెయిన్ కేంద్రాలుగా మార్చాలని రాష్ట్రం నిర్ణయించడం వల్ల పదో తరగతి ఉన్న మినీ కార్యకర్తకు 11,500 అందే వీలు కలిగింది. ఇటీవలి కాలంలో ఈ వరసలో జరిగిన మంచి మార్పు ఇదే అంటాను.

ఇక బడి టీచరు మాట. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) కావాలంటే డీఎడ్ లాంటి శిక్షణ, టెట్, డీఎస్సీ తప్పవు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు వచ్చిన మెగా డీఎస్సీలో ఎస్జీటీ స్కేలు 32,670తో, స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570తో మొదలవుతుంది. ఎంపికలో డీఎస్సీ మార్కులకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. అంగన్‌వాడీలో గడిపిన ఏళ్లకు అందులో చోటు లేదు. ఇంగ్లండులో తరగతి సహాయకులకు స్థానిక ప్రభుత్వ సిబ్బంది స్కేళ్లు ఉంటాయి. అర్హత సంపాదిస్తే పైస్థాయి సహాయకుల హోదా ఇస్తారు. అక్కడా జీతాలు చాలవనే గోల ఉంది. కానీ అనుభవాన్ని మెట్టుగా లెక్కించే పద్ధతి మనం నేర్చుకోదగ్గది.

అపోహ: సేవకులకు గ్రాట్యుటీ ఉండదు.

ఉంది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయి భరియా కేసులో జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకాల ధర్మాసనం అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకురాళ్లకూ 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా స్త్రీలు పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. కేంద్రాల్లో పూర్వ ప్రాథమిక విద్య నడుస్తోందన్నది కూడా తీర్పుకు ఒక ఆధారం. అంటే ఆయమ్మ ఉన్న చోటును విద్యాసంస్థగా చూశారన్నమాట.

లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఆఖరి నెల వేతనాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. 7,000 అందుకునే ఆయమ్మకు ఏడాదికి 4,038 రూపాయలు. ఇరవై ఏళ్లకు సుమారు 80,769. ముప్ఫై ఏళ్లకు 1,21,154. టీచరమ్మకైతే ఇరవై ఏళ్లకు 1,32,692. సమ్మె ఒప్పందంలోని 60 వేలతో ముప్ఫై ఏళ్ల ఆయమ్మ లెక్కను పోల్చి చూడండి, సగానికి సగం తేడా. ఈ లెక్కకు చేరిన తేదీయే ప్రాణం. చేరినప్పుడు ఇచ్చిన ఆర్డరు తిత్లీ తుపానులోనో, ఇల్లు మారినప్పుడో పోగొట్టుకున్నవారు ప్రాజెక్టు ఆఫీసు నుంచి ధ్రువీకరించిన నకలు ఇప్పుడే తీసుకోవాలి. విరమణ రోజున కాదు.

గ్రాట్యుటీ ఒక్కటే కాదు, అంగన్‌వాడీలకు ప్రసూతికి వేతనంతో 180 రోజుల సెలవు ఉంది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాను వీరికి వర్తింపజేశారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కొంపలు ముంచిందో తెలిసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: బడి ఆయా, అంగన్‌వాడీ ఆయా ఒకటే.

కాదు. ప్రభుత్వ బడిలో మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాకు ఇచ్చే 6,000 రూపాయలు పిల్లల చదువు కోసం తల్లులకు ఇచ్చే పథకం సొమ్ములో మినహాయించిన నిర్వహణ నిధి నుంచి వస్తాయి. ఆ పనికి పైమెట్టు ఏదీ లేదు. అంగన్‌వాడీ సహాయకురాలికి ఇరుకైనదైనా ఒక దారి ఉంది. చేరేముందు ఏ ఆయా పోస్టో అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు కాన్వెంట్ల మాట ఒక్కటి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే బడి అయితే పీఎఫ్ కట్టాలి. ప్రైవేటు టీచర్లకు గ్రాట్యుటీ ఉందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. నియామక పత్రం లేకుండా నోటిమాట మీద చేరితే ఇవేవీ నిరూపించలేరు.

ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన ఆయమ్మలకు నా విన్నపం: ఏపీ ఓపెన్ స్కూల్లో వయసు మీరిందని వెనక్కి పంపరు. ముందు పదో తరగతి, తర్వాత ఇంటర్ కట్టండి. మీ కేంద్రంలో ఖాళీ ఏర్పడిన రోజున మీ చేతిలో సర్టిఫికెట్ ఉండాలి. మీ సీనియారిటీ ఎక్కడుందో ప్రాజెక్టు అధికారి సీడీపీఓ గారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీ పిల్లలో మనవలో చదువుకున్నవాళ్లుంటే ఆ దరఖాస్తు ఈ రోజే వాళ్ల చేత రాయించండి.