ఊరుమ్మడి హుండీల వింతలు

గుళ్లో ఫ్యాను రెక్క మీద దాత పేరు మీరూ చదివే ఉంటారు. ఫ్యాను పాడై మూలన పడ్డాక ఆ దానం సంగతేమిటి? ఇలాంటి ప్రశ్నలోంచే అమెరికాలో కమ్యూనిటీ ఫౌండేషన్లు పుట్టాయి. పదిమంది ఇచ్చిన సొమ్మును ఒకచోట మదుపు పెట్టి, చాలామటుకు అసలు ముట్టకుండా, రాబడితో ఆ ఊరి అవసరాలు తీర్చే నిధులివి. వాటి కథల్లో కొన్ని విశేషాలు:

బాటసారులు కరువైన దానం

సెయింట్ లూయిస్ మేయరుగా చేసిన బ్రయాన్ ముల్లన్ఫీ 1851లో పోయాడు. పడమటి సీమలో స్థిరపడేందుకు ఆ ఊరి మీదుగా వెళ్లే పేద వలసదారుల కోసం ఆస్తిలో మూడోవంతు రాసిపోయాడు. తర్వాత బండ్లు పోయి రైళ్లొచ్చాయి. ఊళ్లో ఆగేవాళ్లు తగ్గిపోయారు, సొమ్ము మాత్రం మూలుగుతూ ఉండిపోయింది.

మొట్టమొదటిది

ఇలాంటి వీలునామాలతో విసిగిన బ్యాంకరు ఫ్రెడరిక్ గాఫ్ 1914 జనవరి 2న క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ పెట్టాడు. ప్రపంచంలో ఇదే మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్. దాత కోరిక నెరవేరేంత వరకు నెరవేర్చాలి, దానికి కాలం చెల్లితే ఊరి పెద్దల కమిటీ ఆ సొమ్మును మరో మంచి పనికి మళ్లించాలి. ఆయన పెట్టిన ఏర్పాటు ఇంతే.

రెండు వందల ఏళ్ల వడ్డీ

ఈ ఫౌండేషన్లకు చాలా ముందే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1790లో పోతూ బోస్టన్‌కూ ఫిలడెల్ఫియాకూ చెరో వెయ్యి పౌన్లు వదిలాడు. పెళ్లయిన, పాతికేళ్లు నిండని చేతివృత్తులవాళ్లకు ఇద్దరి పూచీ మీద 5 శాతం వడ్డీకి అప్పివ్వాలి, లెక్క 200 ఏళ్లకు తేలాలి అన్నాడు. 1990 నాటికి బోస్టన్ వాటా 50 లక్షల డాలర్ల దరిదాపులకు చేరింది. ఫిలడెల్ఫియాది 20 లక్షలు దాటింది.

కోర్టుకెక్కిన కోరిక

1975లో కన్నుమూసిన బెరిల్ బక్ అనే ఆమె, సుమారు కోటి డాలర్ల విలువ చేసే చమురు కంపెనీ షేర్లను మారిన్ కౌంటీ మేలు కోసమే అంటూ శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్‌కు అప్పగించింది. 1979లో షెల్ ఆ కంపెనీని కొనడంతో కోటి కాస్తా పాతిక కోట్లు దాటింది. మారిన్ చూస్తే అసలే కలవారి కౌంటీ. పక్క కౌంటీల పేదలకూ పంచుతామని ఫౌండేషన్ కోర్టుకెళ్లింది. 1986లో ఆ ప్రయత్నం బెడిసికొట్టి నిధి చేజారింది. దాన్ని చూసుకోవడానికి మారిన్‌కే విడిగా ఒక ఫౌండేషన్ వచ్చింది.

షేర్ల మూట

2007లో రెండు ఫౌండేషన్లు కలిసి సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ అయ్యాయి. 2012లో మార్క్ జుకర్‌బర్గ్ దానికి ఇచ్చిన ఫేస్‌బుక్ షేర్లు 1 కోటి 80 లక్షలు. విలువ సుమారు 50 కోట్ల డాలర్లు. దాతల పేరిట ఫౌండేషన్ తెరిచే ఇలాంటి ఖాతాల్లో సొమ్ము వేశాక అది ఫౌండేషన్‌దే. ఎవరికివ్వాలో దాత సలహా చెప్పవచ్చు. చట్టం దృష్టిలో అది సలహాయే, హుకుం కాదు.

మూడు బంగారు నాణేలు

కెనడాలో మొదటిది విన్నిపెగ్ ఫౌండేషన్. 1921లో బ్యాంకరు విలియం అల్లోవే లక్ష డాలర్లతో మొదలుపెట్టాడు. రెండో కానుక 1924లో ఒక కవరులో వచ్చింది. లోపల మూడు 5 డాలర్ల బంగారు నాణేలు. బైబిల్ కథ తలచుకుని దాన్ని ‘బీద విధవరాలి కానుక’ అన్నారు. అల్లోవే లక్షతో పాటు ఈ 15 డాలర్లనూ ఆ ఫౌండేషన్ నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది. ఇచ్చిందెవరో మాత్రం ఎవరికీ తెలియదు.