4.5 విడదీయడానికి అనువైన కారు
పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సాధారణంగా కారు బరువులో సగానికి పైగా ఉక్కు, ఇనుమే. కాలం తీరాక ఆ ఉక్కు మళ్ళీ కారు రేకు కాగలదా?

దీనికి ప్రధానమైన అడ్డంకి రాగి. వైర్లు, మోటార్లు తీయకుండా కారును తుక్కు చేస్తే, వాటిలోని రాగి ఉక్కుతోపాటు కరుగుతుంది. ఆక్సిజన్‌తో రాగి కన్నా ఇనుమే ముందుగా కలుస్తుంది. కనుక ఆక్సిజన్ ఊదినా రాగి ఉక్కులోనే మిగులుతుంది. రాగి హెచ్చితే, వేడిమీద సాగదీసేటప్పుడు ఉక్కు ఉపరితలం పగులుతుంది. అందుకే అలాంటి ఉక్కు ఎక్కువగా కట్టడాల కడ్డీలకే పోతుంది.

కాబట్టి వైర్ల కట్ట సులువుగా ఊడివచ్చేలా, మోటార్లు బోల్టులు విప్పితే చాలు వచ్చేలా ముందే రూపొందించాలి. 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కేంద్ర నియమాలు కాలం తీరిన వాహనాల బాధ్యతను తయారీదారులపై ఉంచాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నంబులపూలకుంటలో పాత కారు విప్పే మెకానిక్ ముందుగా ఏ భాగాలు తీయాలి? ఎందుకు?